కంతి కణమూ, పొరుగు కణమూ: కణజాలాన్ని కరిగించే ఎంజైముల సంగతి

తమిళంలో కాన్సర్‌ను 'పుట్రునోయ్' అంటారు. హోసూరు, క్రిష్ణగిరి ఆసుపత్రుల గోడల మీద ఈ మాటను మీరు చూసే ఉంటారు. పుట్రు అంటే మన పుట్టే. తెలుగులోనూ ఈ జబ్బుకు పుట్టకురుపు అన్న పేరుంది. రాచపుండు అనీ, రాచకురుపు అనీ కూడా మన పెద్దలు అన్నారు. రెండు భాషలవారికీ ఈ జబ్బును చూస్తే పుట్ట గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. ఉన్నచోటి నుంచి పైకి లేస్తుంది, లోపల తొలుచుకుంటూ పోతుంది, పైకి కనిపించే దానికంటే అడుగున ఉన్నదే ఎక్కువ.

ఈ పోలికలో మరొక నిజం కూడా ఉంది. పుట్టలో చేరిన పాము ఆ పుట్టను తాను కట్టుకోలేదు. ఎవరో కట్టినదాన్ని తన ఇల్లు చేసుకుంది. కాన్సర్ గడ్డ సంగతీ కొంతవరకు ఇంతే. గడ్డలో కాన్సర్ కణాలతోపాటు మామూలు కణాలు ఎన్నో ఉంటాయి. కాన్సర్ కణం పక్కకు పాకడానికి కావలసిన దారిని చాలాసార్లు ఈ మామూలు కణాలే తవ్విపెడతాయి. ఎందుకు తవ్విపెడతాయి, ఎవరు చెబితే తవ్వుతాయి అన్నదే ఈ వ్యాసంలో మేము వివరించదలచిన విషయం.

భాషాసాహిత్యాల వ్యాసాల మధ్య ఇదెందుకని కొందరు అడగవచ్చు. మా జవాబు ఇది. హోసూరు, క్రిష్ణగిరి ప్రాంతాల తెలుగు పిల్లలు సైన్సును తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు. 2006 నాటి చట్టం తరువాత తమిళనాడు బడులలో తమిళం నేర్వడం తప్పనిసరి అయింది. ఇంట్లో మాత్రం మాట తెలుగే. డాక్టరు ఇంగ్లీషులో రాసిన కాగితాన్ని చదివి, అవ్వకో తాతకో తెలుగులో చెప్పవలసిన బాధ్యత మీమీదే పడుతుంది. ఆ సమయానికి మాటలు చేతిలో ఉండాలి. అందుకే ఈ ప్రయత్నం.

నార, నారకణం

మన ఒంట్లో కణాలు గోనెసంచిలో గింజల్లా ఊరికే పోగుపడి ఉండవు. చర్మాన్నో, నోటి లోపలి పొరనో తీసుకోండి. పైన ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే కణాల వరుసలు ఉంటాయి. వాటికింద చాపలాంటి ఒక పలుచని పొర పరచి ఉంటుంది. దీన్ని ఆధారపొర అందాం. ఆ పొర కింద గట్టి నారలతో అల్లిన మెత్త ఉంటుంది. ఆ నారలలో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే ప్రోటీను. మన ఒంట్లో ఉన్న ప్రోటీన్లన్నిటిలోకీ ఎక్కువగా ఉండేది ఇదే.

కొల్లాజెన్ మీకు కొత్తదేమీ కాదు. క్రిష్ణగిరి నుంచి మద్రాసు దారిలో వాణియంబాడి, ఆంబూరు దాటేటప్పుడు తోళ్ళ శుద్ధి వాసన తగులుతుంది. అక్కడ శుద్ధి అయ్యే తోలు దాదాపు అంతా కొల్లాజెన్ నారే. ఎముకలను, తోలు ముక్కలను ఉడికిస్తే వచ్చే జెలటిన్ కూడా ఆ కొల్లాజెనే, అల్లిక విడిపోయిన రూపంలో. మూడు పోగులను పేనిన తాడులా ఉండటం వల్ల కొల్లాజెన్ అంత గట్టిది. మామూలు జీర్ణ ఎంజైములు దాన్ని సులభంగా కొరకలేవు.

ఈ నారను తయారుచేసే కణం ఒకటుంది. పైవరుస కణాల కింద, నారల మధ్య అక్కడక్కడ కదురులాగా సన్నగా సాగి కనిపిస్తుంది. ఇంగ్లీషులో దీని పేరు ఫైబ్రోబ్లాస్టు. ఇది నారను పుట్టించే కణం కనుక మేము దీన్ని నారకణం అంటాం. దీని పని రెండు విధాలు. ఒకటి, కొత్త నారను నేయడం. రెండు, పాత నారను కరిగించి తీసివేయడం. మామూలుగా ఈ రెండు పనులూ సమంగా జరుగుతుంటాయి. ఇల్లు బాగుచేసే మేస్త్రీ పాత గోడను పడగొట్టకుండా కొత్త గోడను లేపలేడు కదా. నారకణమూ అటువంటి మేస్త్రీయే.

కరిగించే ఎంజైములు

ఎంజైము గట్టిదాన్ని మెత్తన చేయడం క్రిష్ణగిరివారికి కొత్త సంగతి కాదు. కాయగా ఉన్నప్పుడు రాయిలా ఉండే బెంగళూర మామిడి, పండేసరికి చేతిలో నలుగుతుంది. కాయలోని ఎంజైములు కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్‌ను కరిగించడమే దీనికి ముఖ్య కారణం. ఒంట్లో కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు వేరు, పద్ధతి మాత్రం ఇటువంటిదే.

వీటి జాడ మొదట దొరికింది ఒక కప్పపిల్ల తోకలో. తోకకప్ప కప్పగా మారేటప్పుడు తోక కొద్దిరోజులలో మాయమవుతుంది. అంత గట్టి కొల్లాజెన్ ఎటు పోయింది? ఈ ప్రశ్న వేసుకున్న జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే శాస్త్రవేత్తలు తోకముక్కలను కొల్లాజెన్ పరచిన పళ్ళెంలో పెంచారు. ముక్క చుట్టూ ఉన్న కొల్లాజెన్ కరిగిపోయింది. 1962లో వారు ప్రకటించిన ఈ ఎంజైమే కొల్లాజినేజు. తరువాత ఇదే కుటుంబానికి చెందిన ఎంజైములు ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. మనుషులలో ఇవి 23 ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి మాట్రిక్స్ మెటల్లోప్రోటినేజులు అని పేరు. పొట్టిగా ఎం.ఎం.పి.లు అంటారు. 'మెటల్' అన్న మాట ఎందుకంటే వీటి నడిమధ్యలో ఒక జింకు అణువు కూర్చుని ఉంటుంది. అసలు కోత పనిలో దానిదే ముఖ్యపాత్ర.

ఇవి కత్తులవంటివి కనుక ఒర లేకుండా బయట తిరిగితే ప్రమాదం. అందుకని శరీరం మూడు కట్టుబాట్లు పెట్టింది. మొదటిది, అవసరం లేనప్పుడు కణం వీటిని చాలా కొద్దిగానే తయారుచేస్తుంది. రెండవది, వీటిలో చాలావాటిని పనిచేయని రూపంలో వదులుతుంది. ఎంజైములోని ఒక తోకముక్క జింకును కప్పి ఉంచుతుంది, ఆ ముక్క తెగితేనే కత్తి ఒరలోంచి బయటికొస్తుంది. మూడవది, టింపులు అనే నాలుగు నిరోధక ప్రోటీన్లు ఈ ఎంజైములను పట్టి ఆపుతుంటాయి. మోకాలు గీసుకుపోయినప్పుడు ఈ కట్టుబాట్లు కొద్దిరోజులు సడలుతాయి. నారకణాలు చేరి చెడిన నారను కరిగించి, కొత్తది నేసి, పని ముగియగానే ఊరుకుంటాయి. గాయం మానుతుంది.

1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు కాన్సర్ గడ్డలను మానని గాయాలతో పోల్చాడు. పనివాళ్ళను పిలిచే కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. వాళ్ళు వస్తూనే ఉంటారు. పని మాత్రం ముగియదు.

కత్తి ఎవరిది?

ఇంగ్లండులో స్టీఫెన్ పాజెట్ అనే వైద్యుడు రొమ్ము కాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల వివరాలను పరిశీలించి, 1889లో ఒక మాట చెప్పాడు. కాన్సర్ కణం విత్తనం లాంటిది. అది గాలివాటున ఎక్కడెక్కడో పడవచ్చుగాని, నేల కుదిరినచోటనే మొలుస్తుంది అన్నాడు. రాగిచేను చేసేవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. అయినా తరువాతి వంద సంవత్సరాలలో పరిశోధకుల దృష్టి ఎక్కువగా విత్తనం మీదే నిలిచింది.

1980లో అమెరికాలో లాన్స్ లియొట్టా బృందం ఒక విషయం చూపింది. ఒంట్లో ఎక్కువగా వ్యాపించే కంతికణాలు ఆధారపొరలోని నాలుగవ రకపు కొల్లాజెన్‌ను ఎక్కువగా కరిగించగలవు. అంటే ఎంజైముకూ, జబ్బు పాకడానికీ సంబంధం ఉంది. కాన్సర్ కణం తన కత్తిని తానే తయారుచేసుకుంటుందని అందరూ అనుకోవడం సహజమే.

అది పూర్తి నిజం కాదని చూపినవారిలో మొదట చెప్పవలసిన పేరు చిత్రా బిశ్వాస్. అంతకుముందు గ్రాస్‌తో కలిసి పనిచేసిన ఈ భారతీయ శాస్త్రవేత్త 1982లో ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. కంతికణాలను విడిగా పెంచితే కొల్లాజినేజు పెద్దగా రాలేదు. నారకణాలను విడిగా పెంచినా అంతే. రెండింటినీ ఒకే పళ్ళెంలో కలిపి పెంచితే మాత్రం ఎంజైము ఎక్కువగా వచ్చింది. దాన్ని తయారుచేసింది నారకణాలు; తయారుచేయమని పురిగొల్పింది కంతికణాలు. కత్తి పొరుగువాడిది, ఆజ్ఞ కంతికణానిది.

ఆ ఆజ్ఞ ఏ రూపంలో పోతున్నదో తెలుసుకోవడానికి ఆమెకు, ఆమె సహచరులకు మరికొన్నేళ్ళు పట్టింది. ఊపిరితిత్తుల కాన్సర్ కణాల పైపొర నుంచి వారొక ప్రోటీనును విడదీశారు. ఇది కంతికణం ఒంటిమీద ముల్లులా పొడుచుకుని ఉంటుంది. అది సోకిన నారకణాలు ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తాయి. 1995లో దీనికి ఎంప్రిన్ అని పేరు పెట్టారు, ఎం.ఎం.పి.లను పురిగొల్పేది అని దాని అర్థం. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి చిత్రా బిశ్వాస్ జీవించి లేరు. ఈనాటికీ ఈ రంగంలో పనిచేసేవారు ఆ ప్రయోగం దగ్గరనుంచే కథ మొదలుపెడతారు.

ఇదే సమయంలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో పియేర్ షాంబన్ ప్రయోగశాలవారు రొమ్ము కాన్సర్ ముక్కలలో ఒక కొత్త ఎంజైము జన్యువును కనుగొన్నారు. స్ట్రోమెలైసిన్-3 అని దాని పేరు. ఆ జన్యువు ఏ కణాలలో పనిచేస్తున్నదో సూక్ష్మదర్శినిలో చూస్తే, కాన్సర్ కణాలలో కాదు, వాటిని ఆనుకుని ఉన్న నారకణాలలో! 1990లో ఈ ఫలితం అచ్చయింది. పళ్ళెంలో చూసినదానికి రోగి ఒంట్లోనుంచి సాక్ష్యం దొరికినట్లయింది.

రెండువైపుల సంభాషణ

కంతికణం నారకణానికి కబురు పంపే మార్గాలు ఒకటి రెండు కావు. ఎంప్రిన్‌లాగా ఒంటికి ఒళ్ళు తగిలినప్పుడు పనిచేసేవి కొన్ని. కణం నుంచి చిన్న బుడగల రూపంలో విడిపోయి దూరంగా ఉన్న నారకణాన్ని చేరేవి కొన్ని. ద్రవంలో కరిగి వ్యాపించేవి మరికొన్ని. ఈ చివరి రకంలో ముఖ్యమైనది టి.జి.ఎఫ్-బీటా అనే ప్రోటీను. దీని ప్రభావానికి లోనైన నారకణం స్వరూపమే మారుతుంది. కండరకణంలాగా బిగుసుకునే శక్తి వస్తుంది, నారను ఎక్కువగా నేస్తుంది, ఎంజైములనూ ఎక్కువగా వదులుతుంది. గాయం మానేటప్పుడు కూడా నారకణం ఇలాగే మారుతుందిగాని, ఆ పని అయ్యాక సద్దుమణుగుతుంది. గడ్డలో మాత్రం ఆ సద్దుమణగడం ఉండదు.

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. నారకణం విడిచిన ఎంజైము ఒరలో కత్తిలాంటిదని చెప్పుకున్నాం. ఆ ఒరను తీసేదెవరు? 1994లో జపానులో సాతో బృందం కంతికణాల పైపొరకే అతుక్కుని ఉండే ఒక కొత్త ఎంజైమును కనుగొన్నది. పొరకు అతికి ఉన్న మొదటి ఎం.ఎం.పి. కనుక ఎం.టి-1 అన్నారు. నారకణం నుంచి వచ్చిన ఎం.ఎం.పి-2 కంతికణం ఒంటిమీదికి చేరితే, ఈ ఎం.టి-1 దాని తోకముక్కను కత్తిరించి పనిలోకి దింపుతుంది. పొరుగింట చేసిన కత్తికి పదును మాత్రం ఇక్కడ పెడుతున్నారన్నమాట. ఈ పనిలో టింపు-2 అనే నిరోధకమే కొద్దిమోతాదులో వంతెనగా ఉపయోగపడుతుంది. మోతాదు మించితే అదే అడ్డమవుతుంది. శరీరపు లెక్కలు ఎంత సూక్ష్మమైనవో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక నారకణం ఊరికే ఉండదు. అదీ బదులు పంపుతుంది. అది వదిలే హెచ్.జి.ఎఫ్ అనే ప్రోటీను కంతికణాలను ఒకదాన్నుంచి ఒకటి విడగొట్టి కదిలేలా చేస్తుంది. కరిగిన నారలో అప్పటిదాకా దాగి ఉన్న పెరుగుదల ప్రోటీన్లు విడుదలై, గడ్డకు కొత్త రక్తనాళాలను రప్పిస్తాయి. కబురు పోతుంది, ఎంజైము వస్తుంది, నార కరుగుతుంది, దాచిన సరుకు బయటపడుతుంది, కంతికణం ఇంకా పెరుగుతుంది, మళ్ళీ కబురు పోతుంది. గానుగెద్దు తిరిగినట్లు ఇది తిరుగుతూనే ఉంటుంది.

1999లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఈ సంగతిని మరింత స్పష్టం చేసింది. ప్రోస్టేటు గ్రంథి నుంచి తీసిన, ఇంకా కాన్సర్‌గా మారని కణాలను రెండు రకాల నారకణాలతో కలిపి ఎలుకలలో పెంచారు. మామూలు నారకణాలతో కలిపినవి గడ్డలు కట్టలేదు. కాన్సర్ గడ్డ నుంచి తీసిన నారకణాలతో కలిపినవి పెద్ద గడ్డలు కట్టాయి. 2007లో లండనులో ఎరిక్ సహాయ్ ప్రయోగశాలవారు మరొక దృశ్యం చూశారు. నారకణం ముందు నడుస్తూ నారల అల్లికలో సొరంగం తొలుస్తున్నది. కాన్సర్ కణాలు ఆ సొరంగంలో వరుసగా వెంబడిస్తున్నాయి. అడవిలో ముందొకడు కొడవలితో దారి చేస్తుంటే వెనక గుంపు నడిచినట్లు ఉంది ఆ దృశ్యం.

మన నోటి సంగతి

ఇంతవరకు చెప్పినది ప్రయోగశాల కథ. ఇప్పుడు ఇంటి కథకు వద్దాం.

హోసూరు, క్రిష్ణగిరి పల్లెలలో పెళ్ళికైనా, దినాలకైనా వక్కాకు లేనిదే జరగదు. ఆకు, వక్క, సున్నం, దానితోపాటు చాలామందికి పొగాకు. ఈ కాలంలో పొట్లాలలో వచ్చే వక్కపొడి చిన్నపిల్లల చేతికీ చేరింది. పొగాకు చెడ్డదని అందరికీ తెలుసు. వక్క మాత్రం మంగళకరమైన వస్తువు, అదేం చేస్తుందిలే అనుకుంటాం. పొగాకు కలిసినా కలవకపోయినా వక్కాకు నమలడం, విడిగా వక్క కూడా, మనుషులలో కాన్సర్ కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది.

వక్క వల్ల వచ్చే ఒక జబ్బును 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ స్త్రీలలో గుర్తించాడు. మరుసటి ఏడాది బొంబాయిలో జోషి అనే వైద్యుడు దీన్ని వివరించాడు. నోటి లోపలి పొర కింద నార పేరుకుపోయి, బుగ్గలు బిగుసుకుపోతాయి. కారం తగిలితే మంట. పొర తెల్లబడుతుంది. క్రమంగా నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. ఇంగ్లీషులో దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మనం నోటి నారబిగువు అనుకోవచ్చు.

ఈ జబ్బులో ఏం జరుగుతున్నదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. వక్కలోని అరెకోలిన్ వంటి పదార్థాలు నారకణాన్ని తట్టిలేపుతాయి. వక్కలోని రాగి లోహం, నారపోగులను ఒకదానితో ఒకటి ముడివేసే లైసిల్ ఆక్సిడేజు అనే ఎంజైముకు బలమిస్తుంది. అదే సమయంలో కరిగించే ఎంజైములు తగ్గి, వాటిని ఆపే టింపులు పెరుగుతాయి. నేత ఎక్కువ, కరుగుదల తక్కువ. త్రాసు ఒకవైపుకే ఒరిగింది.

ఈ రోగులలో కొందరికి తరువాతి కాలంలో నోటి కాన్సర్ వస్తుంది. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 66 మంది రోగులను 17 ఏళ్ళపాటు గమనిస్తూ వచ్చిన పరిశోధకులు, వారిలో ఐదుగురికి కాన్సర్ వచ్చినట్లు 1985లో ప్రకటించారు. కాన్సర్ మొదలయ్యాక త్రాసు రెండవవైపుకు ఒరుగుతుంది. నిన్నటిదాకా నారను పేర్చిపెట్టిన చోటనే ఇప్పుడు కరిగించే ఎంజైములు పెరుగుతాయి. మేస్త్రీ ఆ కణమే. ఒకప్పుడు వక్క మాట విని కట్టింది. తరువాత కంతికణం మాట విని పడగొడుతున్నది. జబ్బు రెండు దశలనూ ఒకే సూత్రంతో చూడటానికి ఈ పొరుగు కణం కథ మనకు ఉపయోగపడుతుంది.

తెలుగువారికి ఈ విషయంలో మరొక చేదు అనుభవం ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరగ్రామాలలో చుట్టను నిప్పు నోటిలోపల ఉండేలా పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, తరతరాలుగా ఉంది. మరెక్కడా అంతగా కనిపించని అంగిలి కాన్సర్ అక్కడ కనిపించడంతో ఈ అలవాటు వైద్యశాస్త్ర గ్రంథాలకెక్కింది. హోసూరు నోటికి వక్క, తీరాంధ్ర నోటికి నిప్పు. అలవాటు వేరైనా కింద ఉన్న నార ఒకటే, నారకణమూ ఒకటే.

కత్తిని పట్టుకుంటే చాలదా?

ఎంజైమును ఆపే మందు ఇస్తే కాన్సర్ పాకడం ఆగిపోవాలి కదా అని మీకు తోచవచ్చు. 1990లలో మందుల కంపెనీలకూ ఇలాగే తోచింది. జింకును పట్టుకుని ఎంజైమును ఆపే మారిమాస్టాట్ వంటి మందులను తయారుచేసి వేలాది రోగుల మీద పరీక్షించారు. ఫలితం నిరాశ కలిగించింది. చాలా పరీక్షలలో రోగుల ఆయుష్షు పెరగలేదు. భుజాలు, చేతుల కీళ్ళు బిగుసుకుని నొప్పులు వచ్చాయి. టానోమాస్టాట్ అనే మరొక మందు పరీక్షను 1999లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది; ఒక రకం ఊపిరితిత్తుల కాన్సర్‌లో ఆ మందు తీసుకున్నవారి పరిస్థితి, ఉత్తి మాత్ర తీసుకున్నవారికంటే చెడిపోయింది.

ఎందుకిలా జరిగింది? కారణాలు కొన్ని తరువాత తెలిశాయి. పరీక్షకు వచ్చిన రోగులలో చాలామందికి జబ్బు అప్పటికే ముదిరి పాకిపోయింది. దారి తవ్వడం పూర్తయ్యాక గడ్డపారను లాక్కుంటే ఏం లాభం? పైగా ఈ ఎంజైములన్నీ చెడ్డవి కావు. ఎం.ఎం.పి-8 లేకుండా పుట్టించిన మగ ఎలుకలలో చర్మపు కాన్సర్లు ఎక్కువగా వచ్చాయని 2003లో స్పెయిను పరిశోధకులు చూపారు. అంటే ఆ ఎంజైము కాపలా కాస్తున్నదన్నమాట. ఆనాటి మందులు దొంగనూ కాపలావాడినీ కలిపే కట్టేశాయి.

పోనీ నారకణాన్నే తొలగిస్తే? 2014లో అమెరికాలో రఘు కల్లూరి బృందం క్లోమగ్రంథి కాన్సర్ ఉన్న ఎలుకలలో మారిపోయిన నారకణాలను తీసివేసి చూసింది. గడ్డలు ఇంకా ఉగ్రరూపం దాల్చాయి, ఎలుకలు ముందే చనిపోయాయి. నారకణాలలోనే కంతికి సాయపడేవి కొన్ని, అడ్డుకునేవి కొన్ని ఉన్నాయని అప్పటినుంచి పరిశోధకులు మరింత జాగ్రత్తగా వాటిని వేరుచేసి చూస్తున్నారు. పొరుగువాణ్ణి చంపడం కాదు, కంతి మాట వినకుండా చేయడం ఇప్పటి లక్ష్యం.

ఇంతా చెప్పాక, ఈ ఎంజైములను ఆపే మందు ఒకటి వైద్యంలో నిలబడిన సంగతి కూడా చెప్పాలి. దాని వెనక ఒక తెలుగువాడి చేయి ఉంది. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావు తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపారు. ఆయన నేతృత్వంలోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును తీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1980లలో లార్న్ గోలబ్ అనే దంతవైద్య శాస్త్రవేత్త, టెట్రాసైక్లిన్లు క్రిములను చంపడంతోపాటు కొల్లాజినేజును కూడా ఆపుతాయని కనుగొన్నాడు. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను క్రిములను చంపలేనంత చిన్న మోతాదులో, 20 మిల్లీగ్రాములుగా, చిగుళ్ళ జబ్బుకు వాడటానికి 1998లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. ఇది కాన్సర్‌కు మందు కాదు. అయినా చిగుళ్ళ కింద నార కరిగిపోకుండా ఆపుతున్నది. సుబ్బారావు బతికి ఉండగా ఎవరూ ఊహించని ఉపయోగం ఇది.

చివరి మాట

ఈ వ్యాసం చదివి మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే. కాన్సర్ అంటే చెడిన కణం ఒక్కటే కాదు. చెడిన కణానికీ, చెడని పొరుగుకూ మధ్య నడిచే వ్యవహారం. ఈ వ్యవహారం ముదరడానికి కాలం పడుతుంది. ఆ కాలమే మనకున్న అవకాశం. మందులు ఓడిపోయింది కూడా దారి తవ్వడం అయిపోయిన తరువాత వచ్చినందువల్లనే కొంతవరకు. ముందుగా చూసినవారికి కత్తి, సూది, రేడియేషన్ ఇప్పటికీ బాగా పనిచేస్తాయి.

కనుక మీ ఇంట్లో వక్కాకు నమిలే పెద్దలుంటే వారి నోటిని ఒకసారి వెలుతురులో చూడండి. తెల్లని మచ్చగాని ఎర్రని మచ్చగాని ఉన్నదా? రెండు మూడు వారాలైనా మానని పుండు ఉన్నదా? నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టడం లేదా? కారం తింటే మునుపు లేని మంట ఉన్నదా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పంటి డాక్టరుకో, ప్రభుత్వాసుపత్రిలోనో చూపించాలి. క్రిష్ణగిరిలో ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో ప్రారంభమైంది. హోసూరువారికి బెంగుళూరులోని కిద్వాయి సంస్థ దాదాపు 40 కిలోమీటర్ల దూరమే. మద్రాసు అడయారులో ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో స్థాపించిన కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

అవ్వతో మాట్లాడేటప్పుడు ఎం.ఎం.పి., టింపు అనే మాటలు అక్కరలేదు. 'అవ్వా, నోటి లోపల నార బిగుసుకుపోతున్నది. బిగుసుకున్నది ఒకనాడు కరిగి పుండు కావచ్చు. వక్క మానేస్తే ముదరకుండా ఉండే వీలుంది, రేపు పోయి చూపించుకుందాం' అంటే చాలు. ఇంత విషయాన్ని ఇంత చిన్న తెలుగులో చెప్పగలిగిన రోజున మీరు చదివిన సైన్సు మీ ఇంటికి చేరినట్లే.